ఎవరి కూలీ? ఎవరి పూచీ?

‘సమన్వయం’ అనే మాట ఈ మధ్య చాలా చౌకైపోయింది. వలస కార్మికుల ప్రస్తావన వచ్చిన చోటల్లా, ఐక్యరాజ్యసమితి తీర్మానంలో గాని, ఢిల్లీ మంత్రుల ప్రసంగాల్లో గాని, జిల్లా కచ్చేరీ సమావేశంలో గాని, ఆ మాట వినపడకుండా వుండదు. అంతర్జాతీయ సంస్థలూ, ఆయా దేశాల ప్రభుత్వాలూ కలిసి పనిచేయాలట. కాదనేవారెవరు? ఐతే ఎవరు ఎవరితో కలవాలి, దేనికోసం కలవాలి, ఆ కలయికలో కూలివాడు కూర్చునే చోటేది అని అడిగినప్పుడే అసలు చర్చ మొదలవుతుంది. ఈ ప్రశ్నలకు నాకు తోచిన సమాధానం చెప్పడమే ఈ వ్యాసం వుద్దేశం.

నేను అర్థశాస్త్రం పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. వుద్యోగంలో ఎక్కువ కాలం జగిత్యాల ప్రాంతంలో గడిచింది. మా జిల్లాల బతుకును ‘బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి’ అని మూడే మాటల్లో చెప్పేశారు మా పెద్దలు. 1982 సమ్మె తర్వాత బొంబాయి బట్టల మిల్లులు ఒక్కొక్కటే మూతపడుతూ వచ్చాయి. బొగ్గుబావుల్లోకి యంత్రాలు దిగి మనుషుల్ని బయటికి నెట్టాయి. ఇక మిగిలింది దుబాయి. పిల్లవాణ్ణి కాలేజీలో చేర్చేటప్పుడు తండ్రి వృత్తి ఏమిటని అడిగితే ‘దుబాయి’ అని చెప్పేవారు. ఆయన మస్కట్‌లో వున్నా, దమ్మాంలో వున్నా, కువైట్‌లో వున్నా మా వూళ్ళకు అది దుబాయే. ఒక వూరి పేరు వృత్తి పేరుగా మారిందంటే, ఆ ప్రాంతంలో వ్యవసాయం ఏ గతి పట్టిందో వేరే చెప్పనక్కరలేదు.

నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు కాబట్టి అర్జీలు రాయించుకునేవాళ్ళు నా ఇంటికి వచ్చేవారు. ఇన్నేళ్ళలో రాసిన అర్జీల్లో ఒక్కటి మాత్రం ఇక్కడ వివరంగా చెప్తాను. అది నేరం కథ కాదు. అందులో దుర్మార్గుడంటూ ఎవరూ కనపడరు. అందువల్లనే అది మనకు ముఖ్యం.

నా దగ్గర చదివిన ఒక అబ్బాయి తండ్రి పద్నాలుగేళ్ళు ఒక గల్ఫ్ దేశంలో కట్టడపు పనిలో వున్నాడు. 2020లో కరోనా వచ్చి పని ఆగిపోయింది. అంతకుముందు నుంచే కంపెనీ ఐదు నెలల జీతం ఇవ్వలేదు. లేబర్ క్యాంపులో తిండికి కటకటలాడి, ఎట్లాగో విమానం ఎక్కి ఇల్లు చేరాడు. ఎక్కేముందు అరబ్బీలో వున్న ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఐదు నెలల జీతం, పద్నాలుగేళ్ళ సర్వీసు ముగిసినందుకు రావలసిన సొమ్ము, రెండూ అక్కడే వుండిపోయాయి.

మేము అర్జీ పెట్టాం. జిల్లా కార్యాలయం వారు మర్యాదగానే తీసుకుని హైదరాబాదుకు పంపారు. హైదరాబాదు వారు ఢిల్లీకి పంపారు. ఢిల్లీ వారు ఆ దేశంలోని మన రాయబార కార్యాలయానికి పంపారు. వారు కంపెనీకి వుత్తరం రాశారు. కంపెనీ జవాబివ్వలేదు. కోర్టుకు వెళ్ళాలంటే మనిషి అక్కడ వుండాలి. లేదా తన తరఫున నడిపేందుకు ఒకరికి అధికార పత్రం రాసివ్వాలి. దానిమీద నోటరీ ముద్ర, రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, విదేశాంగ శాఖ ముద్ర, ఢిల్లీలోని ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర పడాలి. ఆ తర్వాత అరబ్బీ తర్జుమా. అదంతా చేసినా తన తరఫున కోర్టు మెట్లు ఎక్కే మనిషి అక్కడ ఒకడుండాలి. “సారూ, ముద్రలకైన ఖర్చుల నా నెల జీతం పోయింది. ఇగ ఇడిసిపెడుదాం” అన్నాడాయన. ఆ కేసు అక్కడితో ఆగింది.

ఏ అధికారీ లంచం అడగలేదు. ఏ గుమాస్తా కసురుకోలేదు. ఎవరి పని వారు చేశారు. కాగితం ఒక చేతినుంచి మరొక చేతికి భద్రంగానే ప్రయాణించింది. డబ్బు మాత్రం కదలలేదు. దీనినే గదా మనవాళ్ళు సమన్వయం అంటున్నది!

కాగితం మీద చూస్తే అతనికి రక్షణ కరువేమీ లేదు. మన దేశంలో 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం వున్నది. పదో తరగతి పాసుకాని మనిషి గల్ఫ్‌కు పోవాలంటే ప్రవాసుల సంరక్షణాధికారి అనుమతి కావాలి. ఏజెంటు 30,000 రూపాయలకు మించి రుసుము తీసుకోరాదు. వెళ్ళేవాడికి 10 లక్షల రూపాయల ప్రమాద బీమా వున్నది. అంతర్జాతీయంగా చూస్తే అంతర్జాతీయ కార్మిక సంస్థ 1949లో ఒకటి, 1975లో మరొకటి వలస కార్మికులకోసం ఒడంబడికలు చేసింది. 1990 డిసెంబరు 18న ఐక్యరాజ్యసమితి వలస కార్మికులందరి హక్కులకు, వారి కుటుంబాల హక్కులకు ఒక ఒప్పందాన్ని ఆమోదించింది. అది 2003 జులై 1న అమలులోకి వచ్చింది. 2018 డిసెంబరులో మరకేష్ నగరంలో ప్రపంచ వలస ఒప్పందం కుదిరింది. ఐక్యరాజ్యసమితి సభలో 152 దేశాలు దానికి ఓటువేశాయి.

ఇన్ని వున్నా ఆ ఐదు నెలల జీతం ఎందుకు రాలేదు? 1990 ఒప్పందాన్ని స్థిరపరచిన దేశాలు అరవైకి అటూఇటూ వుంటాయి. ఫిలిప్పీన్స్, శ్రీలంక, బంగ్లాదేశ్, ఇండోనీషియా వంటి కూలీలను పంపే దేశాలే వాటిలో ఎక్కువ. కూలీలను పనిలో పెట్టుకునే గల్ఫ్ దేశం ఒక్కటీ లేదు. ఐరోపా సంపన్న దేశాలూ, అమెరికా లేవు. అంతమంది కూలీలను పంపే మన భారతదేశమూ లేదు. 1949, 1975 ఒడంబడికలను కూడా మనం స్థిరపరచలేదు. ఇక 2018 ఒప్పందం ఎవరినీ కట్టిపడేయనని మొదటే చెప్పుకున్న ఒప్పందం. మన చట్టం మన విమానాశ్రయం దగ్గర ఆగుతుంది. వాళ్ళ చట్టం, కూలివాడు విమానం ఎక్కిన క్షణాన అతన్ని మరచిపోతుంది. ఈ రెండు చట్టాల నడుమ వున్న ఖాళీలోనే ఐదు నెలల జీతం జారిపోయింది. సరుకుకు ఈ ఇబ్బంది లేదు. ఒక వోడ సరుకు పంపి సొమ్ము రాకపోతే వసూలు చేసుకునేందుకు బ్యాంకు పత్రాలున్నాయి, మధ్యవర్తి న్యాయస్థానాలున్నాయి, దేశదేశాల్లో చెల్లే తీర్పులున్నాయి. సరుకుకు అన్ని దేశాలూ పూచీ పడ్డాయి. ఆ సరుకును తయారుచేసే చేతులకు పూచీపడే దేశం లేదు.

ఇది పాలకుల మరపు వల్ల జరిగిన పని అనుకోరాదు. దీని వెనక ఒక లెక్క వున్నది. ఆ లెక్క మన విద్యార్థులు అర్థం చేసుకోవాలి.

ఫ్యాక్టరీ గేటు ముందు తెల్లవారుజామున వందమంది కూలీలు నిలబడ్డారనుకోండి. పని పదిమందికే వున్నది. ఒకడు అయిదు వందలంటాడు, పక్కవాడు నాలుగు వందలకే వస్తానంటాడు, ఇంకొకడు మూడు వందలకే సరే అంటాడు. యజమాని నోరు మెదపనక్కర లేదు. ధర దానంతటదే దిగుతుంది. కూలీలంతా కలిసి ఇంతకు తగ్గితే ఎవరమూ లోపలికి రామని అన్ననాడే ఆ దిగుడు ఆగింది. ట్రేడ్ యూనియన్ పుట్టుక అదే. ఇవాళ గల్ఫ్ గేటు ముందు ఆ విధంగా నిలబడ్డవి దేశాలు: ఇండియా, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక, ఫిలిప్పీన్స్. వీటికి యూనియన్ లేదు.

వూహించి చెప్తున్న మాట కాదిది. 2020 సెప్టెంబరులో మన కేంద్ర ప్రభుత్వం రెండు వుత్తర్వులతో గల్ఫ్‌కు పోయే మన కార్మికుల కనీస వేతన ప్రమాణాన్ని తానే తగ్గించింది. ఖతార్, యు.ఎ.ఇ., ఒమన్, బహ్రెయిన్ దేశాలకు అది నెలకు 200 డాలర్లకు దిగింది. పాత ప్రమాణంతో పోలిస్తే మూడో వంతు మొదలు సగం దాకా కోత. కారణం? అంత జీతం అడిగితే యజమానులు మనవాళ్ళను వదిలి పొరుగు దేశాల వాళ్ళను తీసుకుంటారట. గేటు ముందు నాలుగు వందలకే వస్తానన్న కూలివాడి మాటకూ దీనికీ తేడా ఏమున్నది? కూలివాడు ఆకలితో అన్నాడు, ప్రభుత్వం ఆలోచించి అన్నది, అంతే. తెలంగాణలోని గల్ఫ్ కార్మికుల సంఘాలు ఆందోళన చేశాయి. వ్యవహారం తెలంగాణ హైకోర్టు దాకా పోయింది. 2021 జులైలో పాత ప్రమాణాలను పునరుద్ధరించారు.

దీనితో పోల్చదగిన పాత ఘట్టం ఒకటి చరిత్రలో వున్నది. 1938లో మలయా రబ్బరు తోటల యజమానులు భారతీయ కూలీల జీతం కోశారు. అప్పటి భారత ప్రభుత్వం బ్రిటిష్ వారిది. తోటల యజమానుల్లోనూ బ్రిటిష్ వారే ఎక్కువ. అయినా మలయాలోని భారతీయ సంఘాలూ, ఇక్కడి జాతీయోద్యమమూ కలిసి తెచ్చిన వొత్తిడికి తలవొగ్గి, ఖర్చులిచ్చి కూలీలను మలయాకు తీసుకుపోయే పద్ధతిని ఆ ప్రభుత్వం నిషేధించింది. జీతం కోస్తే కూలీని పంపమన్నది 1938 నాటి పరాయి ప్రభుత్వం. జీతం కోసైనా కూలీని పంపుతామన్నది 2020 నాటి స్వతంత్ర ప్రభుత్వం. ఆ పరాయి ప్రభుత్వానిది దయ అని నేననడం లేదు. వెనక వుద్యమం వున్నప్పుడు శత్రువు చేతనైనా పని చేయించవచ్చు. వుద్యమం లేనప్పుడు మనవాడైనా మనకు ఎదురే.

ఐతే ఒక్క దేశం ధైర్యం చేస్తే చాలుతుందా? ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 2006 చివరలో ఇళ్ళల్లో పనిచేసే తమ ఆడవాళ్ళకు నెలకు 400 డాలర్లకు తక్కువైతే పంపమన్నది. మెచ్చుకోదగిన పని. కాని యజమానులు ఇతర దేశాల ఆడవాళ్ళ వైపు చూడసాగారు. ఒక్క కూలివాడు చేసే సమ్మెకు పట్టే గతే ఇది. కూలీలను పంపే ఆసియా దేశాలు 2003 నుంచి కొలంబో ప్రక్రియ పేరుతో ఒక వేదికమీద కలుసుకుంటున్నాయి. 2008 నుంచి గల్ఫ్ దేశాలతో కలిసి అబూధాబీ చర్చలు జరుగుతున్నాయి. ఇన్నేళ్ళ కలయికలో అందరమూ ఈ జీతానికి తక్కువైతే పంపమనే ఒక్క గీత గీయలేకపోయారు. ఆ గీత గీయని సమన్వయం టీ తాగి విడిపోయే సమన్వయమే.

అట్లా అని అంతర్జాతీయ కృషి వట్టిదని చెప్పేవారితోనూ నేను ఏకీభవించను. ఖతార్ సంగతి చూడండి. ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలకోసం అక్కడ మైదానాలు కట్టినవాళ్ళలో మనవాళ్ళూ, నేపాలీలూ, బంగ్లాదేశీయులూ వున్నారు. కఫాలా అనే పద్ధతి కింద కూలివాడు యజమాని అనుమతి లేకుండా పని మారలేడు, దేశం వదలలేడు. 2014లో అంతర్జాతీయ కార్మిక మహాసభలో కార్మిక ప్రతినిధులు ఖతార్ మీద ఫిర్యాదు పెట్టారు. గమనించండి: పెట్టింది ఏ ప్రభుత్వమూ కాదు, మన ప్రభుత్వమూ కాదు. కట్టడపు కార్మికుల ప్రపంచ సమాఖ్య, ఇతర యూనియన్లు ఏళ్ళ తరబడి పట్టు విడవలేదు. 2017 నవంబరులో ఖతార్ దిగివచ్చి ఆ సంస్థతో ఒప్పందం చేసుకుంది. దోహాలో దాని కార్యాలయం వెలిసింది. 2020లో యజమాని అనుమతి లేకుండా పని మారే హక్కు చట్టంలోకి వచ్చింది. 2021 మార్చి నుంచి ఏ దేశపు కూలివాడికైనా ఒకే కనీస వేతనం, నెలకు 1,000 రియాళ్ళు, అమలులోకి వచ్చింది. ఆచరణలో ఎన్నో లోపాలున్నాయి. యూనియన్ పెట్టుకునే హక్కు వలస కార్మికుడికి అక్కడ ఇప్పటికీ లేదు. కాని ‘ఏ దేశపు కూలివాడికైనా ఒకే వేతనం’ అనే నియమం విలువ గ్రహించండి. గేటు ముందు దేశాల వేలంపాటకు అది కొంతైనా అడ్డుకట్ట. మన ప్రభుత్వం 200 డాలర్లకు దిగిన కాలంలోనే, కార్మిక ప్రతినిధుల ఫిర్యాదు ఫలితంగా అక్కడ అంతకన్నా ఎక్కువ వేతనం చట్టమయింది!

సమన్వయం కింది నుంచి రాకపోతే ఏం జరుగుతుందో తెలుగువాళ్ళకు రంగూన్ ఎప్పుడో నేర్పింది. ఆ రోజుల్లో రంగూన్ రేవులో మూటలు మోసింది ఎక్కువగా మన కోస్తా జిల్లాల కూలీలు. కోరంగి రేవు నుంచి వోడలెక్కి పోయారు కాబట్టి బర్మావాళ్ళు వాళ్ళను కోరంగీలన్నారు. 1930 మే నెలలో వాళ్ళు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు బర్మా కూలీలను తెచ్చి పనిలో పెట్టారు. తర్వాత తెలుగువాళ్ళతో రాజీ కుదరగానే బర్మావాళ్ళను పొమ్మన్నారు. ఆకలిగొన్న ఇద్దరు కూలీలు రేవులో ఎదురుబొదురయ్యారు. వందమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది మనవాళ్ళు. రెండు పక్కల పేదవాళ్ళనూ వాడుకున్న వోడల కంపెనీలకు మాత్రం దెబ్బ తగలలేదు. వచ్చినవాడికీ వున్నవాడికీ ఒకే సంఘం లేకపోవడమే ఆ నెత్తుటికి కారణం. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు అడవుల వెంట, కొండల వెంట కాలినడకన తిరిగివచ్చారు; దారిలో ఎందరో రాలిపోయారు. వాళ్ళ పూచీ కూడా ఎవరూ తీసుకోలేదు.

ఇప్పుడు మన ఇంటివైపు చూద్దాం. ఇక్కడ మన మాట కొంత చేదుగా వుండక తప్పదు.

మా జిల్లాల ఇటుక బట్టీల్లో పనిచేసేవాళ్ళు ఒడిశావాళ్ళు. బొలాంగీర్, నువాపడా జిల్లాల నుంచి దసరా దాటాక కుటుంబాలతో వస్తారు. ఎండాకాలం చివరిదాకా వుంటారు. ముందుగా అడ్వాన్సు ఇచ్చి తోలుకొస్తారు. మా వూరికి దగ్గరలో ఒక బట్టీ వున్నది. దాని యజమాని తొమ్మిదేళ్ళు సౌదీలో పనిచేసి, కూడబెట్టిన డబ్బుతో ఆ బట్టీ పెట్టాడు. నాకు తెలిసినవాడే. “ఆడ నా పాస్‌పోర్టు కఫీల్ దగ్గర్నే వుండె సారూ. అవ్వ సచ్చిపోతే రానియ్యలే” అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు ఒకసారి. అదే రోజున ఆ గదిలో ఒక ఇనుప పెట్టె చూశాను. అందులో ఒడిశా కూలీల ఆధార్ కార్డులు రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టి వున్నాయి. ఇదేమిటయ్యా అంటే, “అడ్వాన్సు తీస్కున్నోళ్ళు నడుమల పోతే నేనేం గావాలె సారూ?” అన్నాడు. తన కఫీల్ కూడా అక్షరాలా ఆ మాటే అని వుంటాడు. ఆ మనిషి చెడ్డవాడు కాదు. తన కన్నీళ్ళూ నిజమే, ఆ పెట్టే నిజమే. వ్యవస్థ మారకుండా మనిషి స్థానం మాత్రమే మారితే, నిన్నటి కూలి ఇవాళ్టి కఫీల్ అవుతాడు.

ఈ కూలీలకోసం 1979లోనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ఐదుగురు కూలీలను పక్క రాష్ట్రం నుంచి తెచ్చిన కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలి, వాళ్ళ పేర్లు నమోదు చేయాలి, స్థానభ్రంశ భత్యం ఇవ్వాలి అన్నది ఆ చట్టం. నలభై ఏళ్ళలో అది ఎంత అమలైందో 2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించాక లోకమంతా చూసింది. రోడ్లమీద నడుస్తున్న మనుషుల లెక్క ఏ రాష్ట్రం దగ్గరా లేదు. పంపిన రాష్ట్రానికి తెలియదు, పనిచేయించుకున్న రాష్ట్రానికి తెలియదు. ఆ ఏడు మే 1న, కార్మిక దినం నాడు, దేశంలో మొదటి శ్రామిక రైలు మన లింగంపల్లి స్టేషను నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. దానికి రెండు రోజుల ముందు సంగారెడ్డి దగ్గర కట్టడపు కూలీలు ఇంటికి పంపమని తిరగబడ్డారు. రైలు దయతో రాలేదు, అడిగితే వచ్చింది.

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి తెచ్చి, 1979 చట్టాన్ని వాటిలో ఒకదానిలో కలిపేశారు. ఐదుగురు అన్నచోట పదిమంది అన్నారు. స్థానభ్రంశ భత్యం పోయింది. అంతరాష్ట్ర కూలికి ఇంట్లో వున్న గొడుగును మనమే చిన్నది చేసుకుని, బయటి దేశాల దగ్గర మనవాడికి పెద్ద గొడుగు పట్టమని ఏ ముఖంతో అడుగుతాం?

అంతర్జాతీయ కృషి వేరు, జాతీయ కృషి వేరు, రెంటినీ ఎవరో పైనుంచి ముడివేయాలి అనే ఆలోచనే పొరపాటు. అవి ఒకే పని. రియాద్‌లో మనవాడి పాస్‌పోర్టుకోసం చేసే పోరాటమూ, మా వూరి బట్టీలో ఒడిశా కూలీ ఆధార్ కార్డుకోసం చేసే పోరాటమూ ఒకటే. రెండోది చేయనివాడికి మొదటిది చేసే హక్కు లేదు. చేసినా బలం వుండదు.

కొందరు మిత్రులంటారు: వూళ్ళో పని కల్పిస్తే వలస ఎందుకు, మూలాన్ని వదిలి కొమ్మలు పట్టుకోవడం ఎందుకు అని. భూమి, నీరు, పరిశ్రమ కావాలని అడగడం మానమని నేననను. ఐతే ఇవాళ విమానం ఎక్కేవాడు రేపటి పరిశ్రమ వచ్చేదాకా హక్కులు వాయిదా వేసుకోలేడు. మరికొందరంటారు: ఎక్కువ అడిగితే వున్న పనీ పోతుంది అని. ఇది వందేళ్ళుగా ప్రతి యజమానీ ప్రతి సమ్మె ముందూ చెప్పిన మాట. విడివిడిగా అడిగితే అది నిజం. కలిసి అడిగితే అబద్ధం.

కనుక అడగవలసినవి నాకు స్పష్టంగానే కనపడుతున్నాయి. భారతదేశం 1990 ఒప్పందాన్ని స్థిరపరచాలి. కూలీలను పంపే దేశాలు ఒకే కనీస వేతన గీత గీసుకోవాలి. ఆ చర్చల్లో ఆయా దేశాల యూనియన్లు కూర్చోవాలి. తిరిగివచ్చిన కార్మికుడు తన వూరి నుంచే అక్కడి కోర్టులో దావా నడుపుకునేట్టు, మన రాయబార కార్యాలయమే అతని తరఫున నిలబడేట్టు దేశాల మధ్య ఒడంబడిక కావాలి. తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇస్తామన్నది, మంచిదే. కాని బతికి వున్నప్పుడు రావలసిన జీతానికి పూచీపడడం అంతకన్నా ముందు చేయవలసిన పని. పక్క రాష్ట్రపు కూలీ పేరు మన పంచాయతీలో నమోదై, అతని కార్డు అతని జేబులోనే వుండాలి.

ఇందులో మనం చేయదగిన పని చిన్నదేమీ కాదు. విమానం ఎక్కే ప్రతివాడి ఒప్పంద పత్రం నకలు, జీతం చీటీల నకళ్ళు వూళ్ళో ఒకచోట వుంటే, రేపు కోర్టులో అవే సాక్ష్యం. ఆ పని చదువుకున్న విద్యార్థి చేయగలడు. బట్టీలోని ఒడియా పిల్లలను బడిలో కూర్చోబెట్టే పని వుపాధ్యాయుడు చేయగలడు. వాళ్ళ తల్లిదండ్రులతో మాట కలిస్తే, అడ్వాన్సు ఎంత, కోత ఎంత అనే లెక్క బయటికి వస్తుంది. మా పట్టణంలో గత రెండేళ్ళుగా కొందరు విద్యార్థులు ఈ రెండు పనులూ మొదలుపెట్టారు. వారి దగ్గర ఇప్పుడు మూడు వందల పైచిలుకు ఒప్పందాల నకళ్ళున్నాయి. మొన్న ఒక కంపెనీ జీతం బకాయి పెట్టినప్పుడు పదకొండుమంది కాగితాలు ఒకేసారి ఒకే అర్జీగా వెళ్ళాయి. ఈసారి జవాబు నెలలోపల వచ్చింది. జీతం ఇంకా రాలేదు. రెండో అర్జీ సిద్ధమవుతున్నది. దానిమీద అదే కంపెనీలో పనిచేసిన నేపాలీ కార్మికుల సంతకాలు కూడా వుండబోతున్నాయి.